హాలె నుండి గురుగ్రామము వరకు

కురుపాండవుల గురువైన ద్రోణాచార్యునికి దక్షిణగా లభించిన గ్రామమని స్థలపురాణము చెప్పెడి గుడ్‌గావ్, 2016లో గురుగ్రామమను పేరును మరల ధరించినది. ఢిల్లీకి నైరృతి దిశను సుమారు 30 కిలోమీటర్ల దూరమున నున్న ఈ ఊరు చిరకాలము గోధుమ చేల నడుమ నొక చిన్న పట్టణము. 1983లో మారుతి కార్ల కర్మాగారము పని నారంభించుటతో దాని రూపము మారసాగెను. తరువాతి దశాబ్దములలో విదేశీయ సంస్థల కార్యాలయములు వరుసగా వెలసినవి. బి.ఎం.డబ్ల్యు. వంటి జర్మను సంస్థ భారతీయ ప్రధాన కార్యాలయమును ఇచ్చటనే నెలకొల్పినది. ఇట్టి కార్యాలయములకు జర్మను భాష క్షుణ్ణముగా నెరిగిన యువకులు, యువతులు కావలసియుందురు. అట్టివారిని తీర్చిదిద్దు విద్యాలయములలో ముఖ్యమైనవి పొరుగున నున్న ఢిల్లీ నగరముననే కలవు. అచ్చటికి విద్యార్థులు దేశము నలుమూలల నుండి వచ్చుచున్నారు.

అయితే ఒక భాషను ఐదారేండ్లు శ్రమించి ఉన్నతస్థాయి వరకు అభ్యసించుటకు ఉద్యోగ మొక్కటియే పరమార్థమా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పవలెనన్నచో తెలుగు జర్మను భాషల పరిచయము నాటి నుండి కథ నెత్తుకొనవలెను. ఆ కథకు దాదాపు మూడు వందల ఏండ్ల వయస్సు కలదు.

బెంజమిన్ షుల్జ్ అను జర్మను మతబోధకుడు 1719లో తరంగంబాడి చేరి, 1726లో మద్రాసునకు వచ్చెను. అతడు హాలె నగరమున చదివినవాడు. మద్రాసులో తెలుగువారి నడుమ మెలగుచు, వారి భాష నేర్చి, 1728లో లాటిను భాషలో తెలుగు వ్యాకరణమును రచించెను. అది చిరకాలము వ్రాతప్రతిగానే యుండెను. 1743లో స్వదేశమునకు మరలిన పిదప అతడు హాలెలో తెలుగు అక్షరములను పోతపోయించి, ఆ దశకముననే చిన్న తెలుగు పుస్తకములను అచ్చు వేయించెను. తెలుగు ముద్రణ చరిత్రలో తొలి పుటలు కృష్ణా గోదావరీ తీరములందు గాక జర్మను దేశమున తెరువబడుట విశేషము. ఉత్తరాది భాషయైన హిందూస్తానీకి అతడు రచించిన వ్యాకరణము కూడ 1745లో హాలెలోనే వెలువడినది. అతని ధ్యేయము మతప్రచారమే. అయినను పరభాషను దాని మూలమునందే నేర్చుకొనవలెనను నియమమును అతడు విడువలేదు.

ఆ శతాబ్దము చివర జర్మనుల దృష్టి సంస్కృతము మీదికి మరలెను. విలియం జోన్సు 1789లో ఇంగ్లీషులోనికి తెచ్చిన శాకుంతలమును జార్జి ఫార్‌స్టర్ 1791లో జర్మనులోనికి మార్చెను. గోథే మహాకవి దానిని చదివి పరవశించెను. అతని ఫౌస్ట్ నాటకారంభమున గల రంగస్థల ప్రస్తావనకు కాళిదాసుని సూత్రధారుడే ప్రేరణమని విమర్శకుల మతము. అనువాదమునకు అనువాదమే ఇంత పని చేసెను. కాని జర్మను పండితులు అంతటితో తృప్తి చెందలేదు. మూలము కావలె ననుకొనిరి. ఫ్రీడ్రిష్ ష్లేగెల్ 1808లో భారతీయుల భాషను, జ్ఞానమును గూర్చి గ్రంథము ప్రకటించెను. ఫ్రాంజ్ బాప్ 1816లో సంస్కృత క్రియారూపములను గ్రీకు, లాటిను, పారశీక, జర్మను భాషలతో పోల్చి తులనాత్మక భాషాశాస్త్రమునకు పునాది వేసెను. 1818లో బాన్ విశ్వవిద్యాలయము ఆగస్ట్ విల్‌హెల్మ్ ష్లేగెల్‌ను ఆచార్యునిగా నియమించుటతో జర్మను దేశమున సంస్కృతమునకు పీఠ మేర్పడెను. డెస్సౌ పట్టణమున 1823లో జన్మించిన మాక్స్ ముల్లర్, సాయణభాష్యముతో కూడిన ఋగ్వేదమును 1849 నుండి 1874 వరకు ఆరు సంపుటములుగా ప్రకటించెను. సాయణుడు విజయనగర ప్రభువైన బుక్కరాయల ఆస్థానమువాడు. తుంగభద్రా తీరమున వ్రాయబడిన భాష్యము ఒక జర్మను పండితుని చేతిమీదుగా ప్రపంచమున కందినది.

ఇదంతయు వారు మన భాషలను నేర్చిన కథ. మనవారు వారి భాషను నేర్చిన కథ ఆలస్యముగా మొదలైనది. ఇరువదవ శతాబ్దపు పూర్వార్ధమున రసాయన, భౌతిక శాస్త్రములలో పరిశోధన చేయగోరిన వానికి జర్మను పత్రికలు చదువగలుగుట అత్యవసరము. కాని ఆ చదువు సూత్రములను, ప్రయోగములను గ్రహించుటకే పరిమితమయ్యెను. సాహిత్యము దాని పరిధిలోనికి రాలేదు. హైదరాబాదులో 1897న జన్మించిన జాకీర్ హుస్సేన్ చరిత్ర వేరు. ఆయన 1926లో బెర్లినులో డాక్టరు పట్టము పొందెను. అచ్చట చదువుచున్న కాలముననే, 1925లో, గాలిబ్ కవితలను బెర్లినులో అందముగా అచ్చు వేయించెను. ఫ్రీడ్రిష్ లిస్ట్ అను జర్మను ఆర్థికవేత్త గ్రంథమును ఉర్దూలోనికి తెచ్చెను. ఢిల్లీలో జామియా మిల్లియాను నడిపి, 1967లో రాష్ట్రపతి యయ్యెను. నేర్చిన పరభాష వలన స్వభాషకు కలుగవలసిన లాభమునకు ఆయన జీవితము నిదర్శనము.

స్వాతంత్ర్యానంతరము ఈ విద్యకు స్థిరమైన నిలయములు లభించినవి. మాక్స్ ముల్లర్ భవనములు 1957లో కలకత్తాతో ఆరంభమై ఇతర నగరములకు వ్యాపించినవి. హైదరాబాదున 1958లో స్థాపితమైన కేంద్రీయ ఆంగ్ల విద్యాసంస్థ 1972లో జర్మను, ఫ్రెంచి, రష్యను భాషలను చేర్చుకొని పేరు మార్చుకొనెను. 2007లో అది కేంద్రీయ విశ్వవిద్యాలయమైనది. ఢిల్లీలో 1969లో ఆరంభమైన జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమున జర్మను అధ్యయన కేంద్రము వర్ధిల్లినది. ఆ కేంద్రమున ఆచార్యుడైన ప్రమోద్ తల్గేరి తరువాత హైదరాబాదు సంస్థకు ఉపకులపతిగా వచ్చుటచే రెండు నగరముల విద్వత్పరంపర కలిసినది.

ఢిల్లీ విద్యార్థి అక్షరమాలతో ఆరంభించి, క్రమముగా కవితలను, నాటకములను, నవలలను మూలమున చదువు స్థితికి చేరవలసియుండును. నేటి ఐరోపా కొలమానమున ఆరు మెట్లు కలవు. వానిలో ఐదవ మెట్టైన సి1 దాటినగాని విశ్వవిద్యాలయ స్థాయి గ్రంథములు స్వేచ్ఛగా బోధపడవు. తెలుగు విద్యార్థికి ఈ దారిలో కొన్ని కష్టములు, కొన్ని సౌలభ్యములు కలవు. జర్మనున లింగములు మూడు, విభక్తులు నాలుగు. బాలిక అను నర్థముగల 'మేట్‌ఖెన్' నపుంసకమని వినగానే ఇతరులు నివ్వెరపోవుదురు. సీత వచ్చింది, ఆవు వచ్చింది అని ఒకే క్రియారూపమును వాడుకొను తెలుగువానికి ఆ వింత అంతగా తోచదు. ఉపవాక్యమున క్రియ చివరకు చేరుట ఇంగ్లీషువానికి చిక్కు. క్రియతో వాక్యము ముగించుట అలవాటైన మనకు అది స్వగృహమువలె నుండును. దీర్ఘసమాసములు ప్రబంధములు చదివినవానిని భయపెట్టజాలవు. ఇట్టి సన్నిహిత లక్షణములు ఇంగ్లీషు గుండా పోయిన అనువాదమున మరుగుపడును. అందుచేతనే మూలము నుండి సూటిగా తెలుగునకు తేగలవారి అవసరము కలదు.

ఒక కథ చేసిన యాత్రను చూచినచో ఈ విషయము మరింత స్పష్టమగును. శాతవాహనుల ఆస్థానమున గుణాఢ్యుడు బృహత్కథను రచించెనని ప్రతీతి. ఆ పరంపరకు చెందిన కథాసరిత్సాగరమున బేతాళుడు చెప్పిన తలలు మారిన కథ కలదు. హైన్రిష్ జిమ్మర్ అను పండితుని మూలమున అది థామస్ మాన్‌నకు తెలిసెను. అతడు దానిని 1940లో జర్మను నవలికగా మలచెను. ఆ నవలికను ఆధారము చేసికొని గిరీశ్ కర్నాడు కన్నడమున హయవదన నాటకమును రచించెను. అది 1971లో వెలువడినది. దక్కనులో పుట్టినదని చెప్పబడు కథాపరంపర జర్మను భాషను చుట్టి, కొత్త ప్రశ్నలతో దక్కనునకే మరలివచ్చెను. 1827లో గోథే విశ్వసాహిత్యమని పేర్కొన్నది ఇట్టి రాకపోకలనే.

అయినను మన దేశమున ఈ రెండు విద్యలను ప్రత్యర్థులుగా నిలిపిన సందర్భమును కలదు. 2011లో కుదిరిన ఒప్పందమువలన కేంద్రీయ విద్యాలయములలో జర్మను మూడవ భాషగా ప్రవేశించెను. 2014 నవంబరులో, విద్యాసంవత్సరము నడుమ, దానిని తొలగించి సంస్కృతమును నిలుపవలెనని ప్రభుత్వము నిర్ణయించెను. సుమారు 70,000 మంది బాలబాలికలు చిక్కున పడిరి. వ్యవహారము సుప్రీంకోర్టు వరకు సాగెను. మరుసటి ఏడు జర్మను అదనపు భాషగా మాత్రము నిలిచినది. మూడు భాషల సూత్రము, రాజ్యాంగపు పట్టిక మొదలైన వాదములకు వాని బలము వానికి కలదు. కాని బాప్, మాక్స్ ముల్లర్‌ల చరిత్ర నెరిగినవారికి సంస్కృతమును జర్మనును ఒకదానికొకటి అడ్డముగా నిలుపుట విచిత్రముగా తోచక మానదు.

నేడు జర్మను చదువు మరల విస్తరించుచున్నది. 2023–24 విద్యాసంవత్సరమున జర్మను విశ్వవిద్యాలయములలో 49,000 మందికి పైగా భారతీయులు చదువుచుండిరి. విదేశీయ విద్యార్థులలో వారిదే ప్రథమస్థానము. వారిలో ఇంజనీర్లే హెచ్చు. పెక్కుమందికి వీసాకు, ఉద్యోగమునకు చాలినంత భాషయే చాలును. గురుగ్రామపు కార్యాలయములు కోరునదియు ప్రధానముగా వ్యవహారభాషయే. ఇది తప్పు కాదు. భుక్తి లేనిచోట విద్య నిలువదు. కాని కాఫ్కా, బ్రెష్ట్, మార్క్సు మొదలగువారి రచనలు తెలుగువారికి అధికభాగము ఇంగ్లీషు ద్వారముననే అందినవి. మలయాళమునకు 1872లో నిఘంటువు నిచ్చిన హెర్మాన్ గుండర్ట్ పేర ట్యూబింగెన్ విశ్వవిద్యాలయమున 2015లో మలయాళ పీఠ మేర్పడినది. తెలుగునకు తొలి అచ్చుపుస్తకముల నిచ్చిన షుల్జ్‌ను తలచుకొనువారే అరుదు.

ఢిల్లీలోను, హైదరాబాదులోను జర్మనును ఉన్నతస్థాయి వరకు చదివిన తెలుగువారు, పగలు కార్యాలయమున పని చేసినను, సాయంకాలము ఒక్కొక్క పుట చొప్పున మూలము నుండి తెలుగు చేసినచో ఈ లోటు కొంత తీరును. వారికి తోడ్పడుటకు జర్మను–తెలుగు నిఘంటువు కావలెను; అనువాదములను పరిశీలించి అచ్చు వేయు సంస్థలు కావలెను; చదివి మంచిచెడ్డలు చెప్పు రచయితలు కావలెను. షుల్జ్ మద్రాసున పడిన శ్రమకు తెలుగువారు చేయదగిన ప్రత్యుపకార మిదియే.