పరీక్ష మారితేనే ప్రయోగం నిలుస్తుంది

అన్వేషణతో సాగే సైన్సు పాఠానికి ప్రణాళిక అనగానే ముందు పరికరాల జాబితా రాసుకుంటాం. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లా అనుభవం చూస్తే ముందు ఆలోచించాల్సింది పరీక్ష గురించేనని తేలుతుంది. 1972లో కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ సంస్థలు అక్కడి 16 మాధ్యమిక పాఠశాలల్లో ఈ తరహా బోధన మొదలుపెట్టాయి. 1978లో అది జిల్లా అంతటికీ విస్తరించింది. ‘బాల వైజ్ఞానిక్’ పుస్తకంలో తయారు జవాబులకు బదులు చేయాల్సిన పనులు, వాటి వెంట ప్రశ్నలు ఉండేవి. అలాంటి పనికి ఒక ఉదాహరణ: అగ్గిపుల్లల్ని సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో కలిపి చతురస్రం చేస్తే, నొక్కగానే పక్కకు ఒరుగుతుంది. త్రిభుజం మాత్రం బిగిసి నిలబడుతుంది. ఇంత చవక సామాను చాలు. ఖరీదైనది ఉపాధ్యాయుల శిక్షణ. అంతకంటే కష్టమైనది పరీక్షను మార్చడం. అక్కడ రాతపరీక్షకు పుస్తకం తెచ్చుకోనిచ్చారు, ప్రయోగ పరీక్షా పెట్టారు. బట్టీకి మార్కులు రాకపోతేనే పిల్లలు, పెద్దలు చేతిపనిని పట్టించుకుంటారు.

శతాబ్దాల శాస్త్రాన్ని పిల్లలు మళ్లీ కనిపెట్టగలరా అన్న ఆక్షేపణ సబబే. అన్నీ కనిపెట్టనక్కర్లేదు, ఒక మాటకు రుజువేమిటని అడగడం వస్తే, మిగతాది చదివి తెలుసుకుంటారు. మరి 2002లో ప్రభుత్వమే దీన్ని ఆపేసింది కదా? నిజమే. కానీ మామూలు సర్కారు బడుల్లో 30 ఏళ్లు నడిచినదాన్ని అసాధ్యమనలేం. దాని పరిధి 8వ తరగతితో ముగిసేది. ఆపై తరగతుల్లో పాత పరీక్షే రాజ్యమేలింది. లోపం ప్రయోగానిది కాదు, దాన్ని పైకి సాగనివ్వని వ్యవస్థది.