సత్కార ఖడ్గం: యానాం ఏలికల కాలంలో

దక్కను దర్బారుల్లో కత్తి బహూకరించడం కొలువు వ్యవహారంలో భాగం. మన్సబు, అంటే కొలువులో హోదా, ఇచ్చే ప్రభువు దానితోపాటు ఖిల్లతు అనే సత్కారమూ ఇచ్చేవాడు. తలపాగా, అంగీ, దట్టీ, కత్తి అందులో ముఖ్యం. గొప్పవారికైతే గుర్రం, ఏనుగు కూడా. పుచ్చుకున్నవాడు వాటిని ధరించి సలాము చేసి, నజరు, అంటే ప్రభువుకు కానుక, చెల్లించాలి. అంటే ఇచ్చినవాడి పెద్దరికాన్ని నలుగురిలో ఒప్పుకోవడమే.

ఫ్రెంచి వారు 1723లో యానాంలో వర్తకశాల పెట్టి, కొన్నేళ్లకే మూసి, 1731లో మళ్లీ తెరిచారు. యానాం పుదుచ్చేరి గవర్నరు కింద ఉండేది. ఖడ్గ సత్కారాలు అందుకున్నదీ ఆ గవర్నర్లే. 1740లో మరాఠాలతో పోరులో ఆర్కాటు నవాబు దోస్త్ అలీ చనిపోతే, ఆయన కుటుంబానికి గవర్నర్ డ్యూమా కోటలో ఆశ్రయమిచ్చాడు. అందుకు కొడుకు సఫ్దర్ అలీ తండ్రి కవచాన్నే కానుకగా పంపాడు. బంగారు పనితో, రాళ్లు పొదిగిన ఆ కవచం వెంట ఏనుగులూ కత్తులూ వచ్చాయి. 1750 చివర పుదుచ్చేరి దర్బారులో దక్కను ఏలిక ముజఫర్ జంగ్ గవర్నర్ డూప్లేకు తలపాగా, కత్తి, డాలు, బాకు ఇచ్చి, ఏడువేల మన్సబు కట్టబెట్టాడు. వర్తక కంపెనీ ఉద్యోగి మొగలు అమీరయ్యాడు! ఇది వట్టి ఆడంబరం కాదు. 1753లో ముజఫర్ తర్వాత దక్కను ఏలిన సలాబత్ జంగ్ కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం సర్కార్లను ఫ్రెంచి వారికి వదలడంతో యానాం చుట్టూ ఉన్న నేలంతా వారిదైంది. 1759 నాటికి అదంతా ఫ్రెంచి వారి చేజారింది.

ఫ్రెంచి వారు తమ దగ్గర పనిచేసిన దేశీయులకు ఇచ్చిన మర్యాద వేరు. పుదుచ్చేరిలో దుబాసిగా, అంటే మధ్యవర్తిగా, ఉన్న ఆనందరంగ పిళ్లైకి పల్లకీ, మేళం, బంగారు పిడి చేతికర్ర దక్కాయి. ఆయుధం చేతికివ్వకుండా గౌరవించే తెలివైన పద్ధతి అది.

ఫ్రాన్సులో నెపోలియన్ 1799 డిసెంబరులో వీర సైనికులకు సత్కార ఖడ్గాలు ఇచ్చే ఏర్పాటు చేశాడు. 1802లో లెజియన్ ఆఫ్ ఆనర్ బిరుదు వాటి స్థానంలోకి వచ్చింది. అప్పుడు యానాం ఇంగ్లీషు వారి చేతిలో ఉంది. మళ్లీ ఫ్రెంచి పాలనలోకి వచ్చేసరికి ఆ కత్తుల కాలం ముగిసింది.

తెలుగు నేలపై కత్తితో సత్కరించే ఆచారం నేటికీ ఉన్న ఒక చోటు హైదరాబాదు దగ్గరి దుండిగల్. అక్కడి వైమానిక దళ అకాడమీలో శిక్షణ ముగించిన పైలట్లలో ప్రథమంగా నిలిచినవారికి ‘స్వోర్డ్ ఆఫ్ ఆనర్’ ఇస్తారు. అందుకు నజరు చెల్లించనక్కరలేదు.