రంగు పెన్సిళ్లు, క్రేయాన్లు

రంగు పెన్సిల్లోనూ క్రేయాన్‌లోనూ ఉండే ముఖ్య సరుకు ఒకటే: రంగుపొడి, దాన్ని పట్టి ఉంచే మైనం. పాళ్లు వేరు, చేసే తీరు వేరు.

ఫ్రాన్సుకు చెందిన నికొలా జాక్ కాంటే 1795లో గ్రాఫైట్ పొడిని బంకమట్టితో కలిపి కాల్చే పద్ధతికి పేటెంట్ పొందాడు. నల్ల పెన్సిల్ నేటికీ అదే దారిలో తయారవుతోంది. రంగు పెన్సిలుకు ఆ దారి కుదరదు. అంత వేడికి చాలా రంగులు పాడవుతాయి. అందువల్ల రంగుపొడిలో చైనా మట్టి, టాల్క్, జిగురు కలిపి ముద్ద చేసి, జంతికల గొట్టంలో పిండిని నొక్కినట్టు సన్నటి రంధ్రంలోంచి నొక్కుతారు. తీగలా వచ్చిన దాన్ని కోసి, ఆరబెట్టి, కరిగిన మైనంలో నానబెడతారు. గాళ్లు తీసిన చెక్కపలకలో ఈ పుల్లలు పేర్చి, పైన అలాంటి పలకే అతికించి, విడి పెన్సిళ్లుగా కోస్తారు. కాల్చని పుల్ల కనుక పెళుసు. కింద పడితే లోలోపలే విరుగుతుంది. చెక్కేటప్పుడు ముక్కలు రాలితే నింద షార్పనర్ మీదికి పోతుంది.

జర్మనీలో ఫేబర్-కాస్టెల్ 1908లో చిత్రకారుల కోసం 60 రంగుల పాలిక్రోమోస్ పెన్సిళ్లు తెచ్చింది. స్విట్జర్లాండులోని కారన్ దాష్ 1931లో నీటిలో కరిగే రంగు పెన్సిలు చేసింది. ఆ గీతల మీద తడి కుంచె ఆడిస్తే నీటిరంగుల చిత్రం అవుతుంది.

క్రేయాన్ తయారీ ఇంకా తేలిక. కరిగిన పారఫిన్ మైనంలో రంగుపొడి కలిపి అచ్చుల్లో పోసి, చల్లార్చి, కాగితం చుడతారు. మైనం నీటిని అంటనివ్వదు కాబట్టి, క్రేయాన్ గీతల మీద నీటిరంగు పూసినా గీత చెక్కుచెదరదు. బడిపిల్లలకు ఇదొక ఇష్టమైన ఆట.

అమెరికాలో బిన్నీ అండ్ స్మిత్ సంస్థ మొదట పెట్టెల మీద గుర్తులు వేసే నల్ల క్రేయాన్లు అమ్మేది. 1903లో ఎనిమిది రంగుల క్రేయోలా పెట్టెను ఐదు సెంట్లకు విడుదల చేసింది. ఆ పేరు పెట్టినది యజమాని భార్య, ఉపాధ్యాయిని ఆలిస్ బిన్నీ. ఫ్రెంచిలో సుద్ద అనే మాటకు జిడ్డు అనే అర్థమిచ్చే తోక తగిలించింది.

క్రేయోలా రంగుల పేర్లకూ చరిత్ర ఉంది. తెల్లవారి చర్మాన్నే ప్రమాణంగా తీసుకున్న ‘ఫ్లెష్’ 1962లో ‘పీచ్’ అయింది. ‘ఇండియన్ రెడ్’ భారతదేశపు ఎర్రమట్టి వర్ణకం పేరు. అమెరికా ఆదివాసుల ఒంటిరంగని పిల్లలు పొరబడుతున్నారని ఉపాధ్యాయులు చెప్పగా, 1999లో దాన్ని ‘చెస్ట్‌నట్’గా మార్చారు.