మణికట్టుపై ఆరోగ్య గడియారం: ఉక్కునగరంలో దాని ఉపయోగమెంత, పరిమితులేమిటి?

జంషెడ్‌పూర్‌లోని జూబిలీ పార్కుకు తెల్లవారుజామున నడకకు వచ్చేవారిలో చాలామంది మణికట్టుకు ఇప్పుడు రబ్బరు పట్టీతో కూడిన చిన్న తెర కనిపిస్తుంది. ఉక్కు కర్మాగారం ఏభై ఏళ్లు పూర్తి చేసుకున్న సందర్భంగా 1958లో అప్పటి ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించిన ఉద్యానవనమిది. ఇక్కడ ఒకప్పుడు నడకను చుట్ల లెక్కన చెప్పుకొనేవారు, ఇప్పుడు అడుగుల లెక్కన చెప్పుకొంటున్నారు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి కర్మాగారంలో పనికి వచ్చి కద్మా, బిష్టుపూర్, సాక్చి వంటి పేటల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లోనూ ఈ పరికరం సాధారణమైంది. పదవీ విరమణ చేసిన తండ్రికి దూరాన ఉద్యోగం చేస్తున్న పిల్లలు పంపే కానుకల్లో ఇదీ ఒకటి. అయితే అది చెప్పే ప్రతి అంకెనూ ఒకే స్థాయిలో నమ్మడానికి వీలులేదు.

ఫిట్‌నెస్ ట్రాకర్ అనేది అడుగులు, గుండె వేగం, నిద్ర వంటివాటిని నమోదు చేసే చేతి పట్టీ. దానికి ఫోన్ కాల్స్, సందేశాలు, వాతావరణ సమాచారం వంటి సదుపాయాలు చేరితే స్మార్ట్‌వాచ్ లక్షణాలు గల ట్రాకర్ అవుతుంది. దీని పూర్వరూపం జపాన్‌లో ఉంది. అక్కడ 1965లో విపణిలోకి వచ్చిన అడుగుల మీటరుకు పదివేల అడుగుల మీటరు అని అర్థం వచ్చే పేరు పెట్టారు. నేటికీ పరికరాలు లక్ష్యంగా చూపే 10,000 సంఖ్య వైద్యశాస్త్రం నుంచి గాక ఆ వ్యాపార నామం నుంచి వచ్చినదే. ఫిట్‌బిట్ తొలి పరికరం 2009లో, షావోమీ చౌక బ్యాండ్ 2014లో, ఆపిల్ వాచ్ 2015లో వచ్చాయి. టైటాన్ సంస్థ ఫాస్ట్‌ట్రాక్ పేరుతో 2017లో రిఫ్లెక్స్ బ్యాండ్‌ను తెచ్చింది. టైటాన్ కూడా టాటా కుటుంబానిదే కనుక, ఉక్కునగరానికి ఆ బ్యాండ్ ఒక విధంగా చుట్టమే.

అడుగుల లెక్క ఈ పరికరాల బలమైన పక్షం. లోపలి యాక్సిలరోమీటర్ చేతి కదలికలోని లయను పసిగట్టి అడుగుగా లెక్కిస్తుంది. చదునైన దారిలో చేతులు ఊపుతూ నడిచినప్పుడు పొరపాటు స్వల్పం. చిక్కు ఎక్కడంటే, లెక్కలోకి వచ్చేది చేయి మాత్రమే. చపాతీల పిండి కలిపినా, గతుకుల దారిలో స్కూటరు నడిపినా కొన్ని అడుగులు జమ అవుతాయి. తోపుడుబండిని రెండు చేతులా పట్టుకొని అరమైలు నడిచినవారికి ఆ కష్టం సరిగా జమ కాదు. లక్ష్యం విషయానికి వస్తే, సగటున 72 ఏళ్ల వయసున్న 16,741 మంది మహిళలపై అమెరికాలో జరిగి 2019లో వెలువడిన అధ్యయనంలో, రోజుకు దాదాపు 2,700 అడుగులు నడిచేవారి కంటే 4,400 అడుగులు నడిచేవారిలో మరణాల రేటు గణనీయంగా తక్కువగా ఉంది. 7,500 అడుగుల దాటాక అదనపు ప్రయోజనం కనిపించలేదు. పదివేలు పూర్తికాలేదని రాత్రి భోజనం తరువాత గదిలోనే గుండ్రంగా తిరిగే పెద్దలకు ఇది ఊరటనిచ్చే సమాచారం.

గుండె వేగాన్ని కొలవడానికి పరికరం వెనుక ఉన్న ఆకుపచ్చ కాంతిని వాడతారు. రక్తం ఆకుపచ్చ కాంతిని పీల్చుకొంటుంది. గుండె కొట్టుకొన్న ప్రతిసారీ మణికట్టులో రక్త పరిమాణం మారుతుంది, తిరిగివచ్చే కాంతిలోని ఆ తేడానే సెన్సర్ చదువుతుంది. విశ్రాంతిలో ఇది చాలావరకు నమ్మదగినదే. పట్టీ వదులైనా, చెమట చేరినా, చేయి విసురుగా కదిలినా తడబడుతుంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో ఏడు పరికరాలను 60 మందిపై పరీక్షించగా, ఆరింటిలో గుండె వేగం పొరపాటు 5 శాతం లోపే ఉంది. ఖర్చయిన కేలరీల లెక్కలో మాత్రం అన్నింటికంటే మెరుగైనది సైతం సగటున 27 శాతం తప్పింది, అధ్వానమైనది 93 శాతం తప్పింది. బ్యాండ్ 300 కేలరీలు ఖర్చయ్యాయన్నదని దారిలో రెండు సమోసాలు తినేవారు ఈ అంకెను గుర్తుంచుకోవాలి. బరువు విషయంలోనూ ఫలితం ఆశించినట్లు లేదు. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో 471 మందిపై రెండేళ్లు సాగి 2016లో వెలువడిన పరీక్షలో, సలహాలతో పాటు పరికరం ధరించినవారు సగటున 3.5 కిలోలు తగ్గారు. పరికరం లేకుండా ఆ సలహాలనే పాటిస్తూ తమ వ్యాయామాన్ని తామే నమోదు చేసుకొన్నవారు 5.9 కిలోలు తగ్గారు.

జంషెడ్‌పూర్‌కు ప్రత్యేకంగా వర్తించేది నిద్ర. 1912లోనే 8 గంటల పనిదినం అమలైన ఈ నగరంలో వేలాది కుటుంబాల దినచర్య ఎ, బి, సి షిఫ్టుల చుట్టూ తిరుగుతుంది. రాత్రి షిఫ్టు ముగించి ఉదయం ఇంటికి చేరి, కిటికీలు మూసి నిద్రపోయేవారి విషయంలో పరికరం తికమకపడుతుంది. ప్రధాన నిద్ర రాత్రే ఉంటుందన్న ఊహతో రూపొందిన పరికరాలు పగటి నిద్రను కునుకుగా నమోదు చేస్తాయి, కొన్ని అసలు నమోదు చేయవు. షిఫ్టు మారిన వారంలో నిద్ర మార్కులు దారుణంగా పడిపోవడం ధరించినవారి తప్పు కాదు. మెలకువగా కదలకుండా పడుకొని ఉన్నా నిద్రగానే లెక్కించడం ఈ పరికరాలకు సాధారణ బలహీనత. గాఢనిద్ర, కలల నిద్ర అంటూ చూపే విభజన అంచనాయే. ఆసుపత్రిలో మెదడు తరంగాలను నమోదు చేసే పరీక్షకు అది ప్రత్యామ్నాయం కాదు. మొత్తం నిద్ర గంటలు వారాల తరబడి తగ్గుతూ వస్తున్నాయా అన్నది గమనించడానికి మాత్రం బాగా పనికివస్తుంది, ప్రధానంగా ఎన్ని గంటలు పడుకొంటున్నామో తమకే తెలియని షిఫ్టు కార్మికులకు.

కర్మాగారం లోపల పరిస్థితి వేరు. తిరిగే యంత్రాల దగ్గర గడియారం, ఉంగరం, గాజులు వంటివి తీసివేయాలన్నది పారిశ్రామిక భద్రతలో పాత నియమం, ట్రాకర్‌కూ అదే వర్తిస్తుంది. మండే వాయువులుండే ప్రదేశాల్లో ప్రత్యేక ధ్రువీకరణ లేని ఎలక్ట్రానిక్ పరికరాలను అనుమతించరు. వేడి మరో సమస్య. ఆపిల్ తన గడియారానికి పరిసర ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ మించకూడదంటుంది. మే నెలలో ఈ నగరపు వీధుల్లోనే పాదరసం 40 డిగ్రీలు దాటుతుంది, కొలిమి దగ్గర సంగతి చెప్పనక్కరలేదు. చెమట, సబ్బు పట్టీ కింద నిలిచి చర్మంపై దద్దుర్లు రావడం కూడా సాధారణమే. రోజూ కడిగి, ఆరబెట్టి, రాత్రికి ఒక గంటైనా తీసివేస్తే ఆ బాధ చాలావరకు తగ్గుతుంది.

అన్నింటికంటే జాగ్రత్త అవసరమైనది గుండె విషయం. ఖరీదైన కొన్ని గడియారాలు గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌ను సూచించగలవు. గుర్తించకపోతే పక్షవాతానికి దారితీయగల స్థితి అది. ఆపిల్ వాచ్ ధరించిన 4,19,297 మందిపై జరిగి 2019లో వెలువడిన అధ్యయనంలో 0.52 శాతం మందికి హెచ్చరిక వచ్చింది. వారిలో తదుపరి పరీక్షా పట్టీని ధరించి తిరిగి పంపినవారిలో 34 శాతం మందికి ఆ సమస్య నిర్ధారణ అయింది. అంటే హెచ్చరిక వస్తే వైద్యుని సంప్రదించాలి గాని, అదే తీర్పు కాదు. మరో సంగతిని ఇంటిల్లిపాదీ తెలుసుకోవాలి. మణికట్టు పరికరం ఏదీ గుండెపోటును పట్టుకోలేదు. ఛాతీలో బరువు, ఎడమ చేతికి లేదా దవడకు పాకే నొప్పి, చల్లని చెమట ఉన్నప్పుడు తెరపై నాడి 78 అని నిక్షేపంగా కనిపించవచ్చు. ఆ అంకెను చూసి గ్యాస్ నొప్పి అనుకొని ఉదయం దాకా వేచి ఉండటం ప్రాణం మీదికి తెస్తుంది. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

రక్తపోటు చూపుతామనే గడియారాల్లోనూ తేడాలున్నాయి. శామ్‌సంగ్ పద్ధతిలో అసలు రక్తపోటు యంత్రంతో 28 రోజులకోసారి సరిచూసుకోవాలి. అలా సరిచూడటం లేకుండా వేలు తాకగానే అంకె చూపే చౌక పరికరాన్ని నమ్మి మాత్ర మానడం, పెంచడం తగదు. సూది గుచ్చకుండానే రక్తంలో చక్కెర చెబుతామనే గడియారాలు, ఉంగరాలు కొనవద్దని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2024 ఫిబ్రవరిలో స్పష్టంగా హెచ్చరించింది. అలాంటి పరికరం దేనికీ ఆ సంస్థ అనుమతి ఇవ్వలేదు.

స్మార్ట్‌వాచ్ సదుపాయాల్లో ఎక్కువగా ఉపయోగపడేది ఫోన్ జేబులోనే ఉండగా ఎవరు పిలుస్తున్నారో తెలియడం. తెలుగువారికి చిన్న చిక్కుంది. కొన్ని చౌక బ్యాండ్లలో తెలుగు సందేశం ఖాళీ గడులుగా కనిపిస్తుంది, లేదా ఒత్తులు విడిపోయి చదవరాకుండా ఉంటుంది. కొనేముందు దుకాణంలోనే ఒక తెలుగు సందేశం పంపి చూడటం మేలు. దళ్మా కొండలెక్కేవారు జీపీఎస్ పరికరంలోనే ఉందా, ఫోన్‌పై ఆధారపడుతుందా అని అడగాలి. సొంత జీపీఎస్ వాడితే బ్యాటరీ త్వరగా తరుగుతుంది. 50 మీటర్ల నీటి నిరోధకత అన్నది ప్రయోగశాలలో నిశ్చల నీటి ఒత్తిడి లెక్క, అంత లోతుకు దిగవచ్చని కాదు.

సమాచార గోప్యత చాలామంది అడగని ప్రశ్న. స్ట్రావా యాప్ ప్రచురించిన పటంలో వ్యాయామం చేసే సైనికుల జాడలతో రహస్య స్థావరాలు బయటపడినట్లు 2018 జనవరిలో వెల్లడైంది. 2021లో ఫిట్‌బిట్ గూగుల్ చేతికి వెళ్లినట్లు, నేడు ఒక సంస్థ వద్ద ఉన్న ఆరోగ్య సమాచారం రేపు మరొకరిది కావచ్చు. భారత్‌లో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సమ్మతిని వెనక్కి తీసుకొనే హక్కును, సమాచారం తొలగించమని కోరే హక్కును గుర్తించింది. పాత బ్యాండ్‌ను ఇతరులకు ఇచ్చేముందు ఖాతాను తొలగించి, పరికరాన్ని తొలిస్థితికి తేవాలి.

కొన్నవారు ఇంట్లోనే చేయదగిన పరీక్ష ఒకటుంది. ఐదు నిమిషాలు కూర్చొని, మరో చేతి మణికట్టుపై రెండు వేళ్లుంచి 30 సెకన్ల పాటు నాడిని లెక్కించి రెట్టింపు చేయాలి. ఆ సంఖ్యను తెరపై అంకెతో పోల్చాలి. వేగంగా నడిచి వచ్చిన వెంటనే మరోసారి చేయాలి. కూర్చున్నప్పుడే పది, పదిహేను స్పందనల తేడా వస్తుంటే పట్టీని మణికట్టు ఎముకకు ఒక వేలు పైకి జరిపి బిగించి చూడాలి. అప్పటికీ మారకపోతే, వారంటీ గడువు లోపలే దుకాణానికి తిరిగి తీసుకెళ్లాలి.