టెయిల్ లైటు చెప్పిన అబద్ధం

మా వీధి చివర ఓ అమెరికన్ పెద్దాయన ఉంటారు. ఆయన గరాజులో పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఉంది. ఎప్పుడో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది, కాగితాలు పోయాయి. ఇప్పుడు మనవరాలి పేరు మీద రాసివ్వాలంటే ఏ సంవత్సరం బండో తెలియాలి. "నువ్వు ఇంజనీరువి కదా, కనుక్కో" అన్నారు. నేను రాసేది కోడు మహాప్రభో అన్నా వినలేదు!

సరే, కూర్చుని చదివాను. బీటిల్ పైకి 1938 నుంచి 2003 దాకా ఒకే బండిలా కనిపిస్తుంది. 2003 జులైలో మెక్సికోలో చివరిది బయటికొచ్చేసరికి మొత్తం 2,15,29,464 తయారయ్యాయి. కానీ వెనక్కి వెళ్ళి ఎర్ర దీపాలు చూస్తే వెర్షన్ హిస్టరీ మొత్తం అక్కడే ఉంది. 1952 దాకా బ్రేకు లైటు ఒక్కటే, నంబరు ప్లేటు పైన ముక్కులా పొడుచుకొచ్చిన డబ్బాలో. దాన్ని "పోపు ముక్కు" అంటారు (తాలింపు పోపు కాదు, రోములో ఉండే పోపు). ఆ ఏడాది చివర్లో బ్రేకు లైటు రెండు పక్కలకీ మారింది, దీపం నెత్తిన గుండె ఆకారపు చిన్న కిటికీలోకి. 1955లో కోడిగుడ్డు ఆకారం వచ్చింది. 1962 మోడల్‌తో పొడవాటి దీపం వచ్చింది. యూరప్‌లో దాని పైభాగం నారింజ రంగు, అమెరికాకి వచ్చినవి మొత్తం ఎరుపే. 1968లో ఇంకాస్త పెద్దవి, 1973లో "ఏనుగు పాదాలు".

పెద్దాయన బండికి ఉన్నవి పొడవాటివి, మొత్తం ఎరుపు. ఇంకేం, 1962కీ 1967కీ మధ్యది అని గర్వంగా ప్రకటించేశాను. ఆయన కాగితం మీద రాసుకున్నారు కూడా.

తర్వాత ఎందుకో అనుమానం వచ్చి వెనక సీటు కింద చాసిస్ నంబరు చూస్తే, బండి 1960ది!

అడిగితే ఆయనకి మెల్లగా గుర్తొచ్చింది. 1969లో వానలో ఎవరో వెనకనుంచి గుద్దారట. బీటిల్ ఫెండర్లు బోల్టులు విప్పితే ఊడొచ్చేస్తాయి, దీపాలు వాటి మీదే ఉంటాయి. మెకానిక్ పాత ఇనుము కొట్టునుంచి వేరే బండివి తెచ్చి బిగించాడు. అంటే ఆ దీపాలు చెప్పింది బండి పుట్టిన తేదీ కాదు, దెబ్బ తిన్నాక జరిగిన రిపేరు సంగతి.

లెన్సు మీద అక్షరాలూ ఇంతే. అమెరికా లెన్సుల మీద ఎస్ అంటే స్టాప్, టి అంటే టెయిల్, ఎ అంటే రిఫ్లెక్టర్. పక్కనున్న రెండంకెలు తయారైన సంవత్సరం అనుకుంటాం. కాదు, అది ఏ ఏటి ప్రమాణాన్ని పాటించిందో చెప్పే అంకె. అమెరికా రవాణా శాఖ పని మొదలుపెట్టిందే 1967లో, కాబట్టి "డాట్" అని ఉన్న లెన్సు అంతకన్నా పాతది కాలేదు. గుడి గోడలో కనిపించిన శాసనం ఆ గుడిదే అయ్యుండాలని లేదు కదా!

ఇక శుభ్రం చేయడం. ఈ లెన్సులు యాక్రిలిక్. నేను తెలివి ఎక్కువై ఓ మూల థిన్నరుతో తుడిచాను. నిమిషాల్లో సాలెగూడులా సన్నటి పగుళ్ళు! అవి ఇక పోవు. సరైన పద్ధతి: సబ్బునీళ్ళు, లోపలి గాళ్ళకి మెత్తటి బ్రష్షు, తర్వాత 1000, 1500, 2000 నంబరు ఎమెరీ పేపరు తడిపి రుద్దడం, చివర్లో పాలిష్. అక్షరాల మీద ముందే టేపు వేయాలి, లేకపోతే సాక్ష్యం కూడా అరిగిపోతుంది. చాలాసార్లు తప్పు లెన్సుది కూడా కాదు, వెనక మాసిపోయిన రిఫ్లెక్టరుదీ తుప్పుపట్టిన ఎర్త్‌దీను.

"1960 బండికి కోడిగుడ్డు దీపాలే కరెక్టు, కొత్తగా పోతపోసినవి దొరుకుతాయి, మార్చేద్దామా?" అన్నాను. ఆయన కాసేపు చూసి, "ఈ యాభై ఏళ్ళూ నా వెనక వెలిగినవి ఇవే కదా" అన్నారు. మార్చలేదు. కాగితంలో మాత్రం 1962 కొట్టేసి 1960 రాశాం. దాని కింద మనవరాలి కోసం ఇంకో వాక్యం: "దీపాలు 1969లో మార్చినవి."

కోడులో కామెంటు రాయడం దండగ అనే మిత్రులకి ఈ వాక్యం అంకితం.