ఖాళీ డబ్బా వెనక్కి వస్తేనే లెక్క కుదిరేది: ఓ ఐస్‌క్రీం స్టీల్ డబ్బా కథ

ఐస్‌క్రీం తిన్నాక డబ్బాను చెత్తబుట్టలో వేయకుండా కంపెనీకే తిరిగి ఇచ్చేస్తే? 2019లో నెస్లే అమెరికాలో తన హాగెన్-డాజ్ ఐస్‌క్రీంతో చేసి చూసింది ఇదే. 2025 నాటికి తన ప్యాకింగ్ అంతా రీసైకిల్ అయ్యేదిగానో, మళ్లీ వాడుకునేదిగానో ఉండాలని ఈ స్విట్జర్లాండ్ కంపెనీ 2018లోనే లక్ష్యం పెట్టుకుంది. ఈ రెండూ ఒకటే అనుకుంటారు చాలామంది. కాదు. రీసైకిల్ అంటే వాడేసిన డబ్బాను కరిగించో, నానబెట్టో కొత్త వస్తువు చేయడం. మళ్లీ వాడటం అంటే డబ్బా డబ్బాగానే ఉంటుంది, కడిగి నింపుతారు, అంతే.

మామూలు ఐస్‌క్రీం కప్పు చూడ్డానికి కాగితమే. కానీ తడికి మెత్తబడకుండా దానికి పల్చటి ప్లాస్టిక్ పూత ఉంటుంది. కాగితాన్నీ ప్లాస్టిక్‌నీ విడదీయడం కష్టం కాబట్టి చాలాచోట్ల అది చెత్తలోకే పోతుంది. దాని బదులు నెస్లే రెండు పొరల స్టీల్ డబ్బా తయారుచేయించింది. మన ఇళ్లలో చాయ్ పోసే ఫ్లాస్క్ లాంటిదే, కాకపోతే ఇక్కడ లోపలిది చల్లగా ఉండాలి.

ఈ డబ్బాలను తిప్పే పని 'లూప్' అనే సంస్థది. అమెరికాలోని టెర్రాసైకిల్ కంపెనీ అధిపతి టామ్ జాకీ దీన్ని 2019 జనవరిలో దావోస్‌లో ప్రకటించారు. అదే ఏడాది మే నెలలో పారిస్‌లోనూ, న్యూయార్క్ చుట్టుపక్కలా మొదలైంది. ఆర్డర్ పెడితే సరుకు ఓ గట్టి సంచిలో ఇంటికొచ్చేది. ఖాళీ డబ్బాలను కడగక్కర్లేదు, అదే సంచిలో పెడితే కొరియర్ వాళ్లు తీసుకెళ్లేవారు. కడిగే కేంద్రంలో శుభ్రం చేసి కంపెనీకి పంపేవారు. ముందు కట్టిన డిపాజిట్ వెనక్కి వచ్చేది. ఒకరకంగా డబ్బా మన దగ్గర అమానత్‌గా ఉన్నట్టే.

ఖాతా పుస్తకాల్లోనూ అంతే. డిపాజిట్ డబ్బు కంపెనీకి ఆదాయం కాదు, తిరిగి ఇవ్వాల్సిన బాకీ. అసలు ఖర్చు వేరేచోట ఉంది. కాగితం కప్పు కంటే స్టీల్ డబ్బా తయారీకి డబ్బూ, కరెంటూ చాలా ఎక్కువ పడతాయి. ఒకేసారి వాడి మూలన పడేస్తే కాగితం కంటే నష్టమే. ఎన్నిసార్లు తిరిగితే ఒక్కోసారికి పడే ఖర్చు అంత తగ్గుతుంది. మరి డబ్బా అందంగా ఉందని జనం ఇంట్లోనే ఉంచేసుకుంటే? మన ఇళ్లలో బిస్కెట్ల టిన్ను చివరికి సూదీదారాల డబ్బా అయిపోదూ!

2019 చివర్లో నెస్లే తన అమెరికా ఐస్‌క్రీం వ్యాపారాన్నే ఫ్రోనేరి అనే సంస్థకు 400 కోట్ల డాలర్లకు అమ్మేయడానికి ఒప్పందం చేసుకుంది. లూప్ మాత్రం వేరే దేశాలకూ వెళ్లింది. బ్రిటన్‌లో టెస్కో 2021 సెప్టెంబర్‌లో 10 దుకాణాల్లో ఇలాంటి డబ్బాలు పెట్టి, 2022లో ఆపేసింది. పెద్ద కంపెనీల మాటలూ నిలబడలేదు. 2030కల్లా తన పానీయాల్లో 25 శాతం మళ్లీ నింపే సీసాల్లోనో, గ్లాసుల్లోనో ఇస్తానని 2022లో చెప్పిన కోకాకోలా, 2024 డిసెంబర్‌లో ప్రకటించిన కొత్త లక్ష్యాల్లో ఆ మాటే ఎత్తలేదు.

అసలు ఈ పద్ధతి నడవదా అంటే, జర్మనీని చూడాలి. అక్కడి మినరల్ వాటర్ కంపెనీలు 1969 నుంచి ఒకే రకం గాజు సీసా వాడుతున్నాయి. ఒక్కో సీసా దాదాపు 50 సార్లు తిరుగుతుంది. డిపాజిట్ 15 సెంట్లు. సీసా ఏ కంపెనీదైనా ఒకటే కాబట్టి దగ్గర్లో ఉన్న ప్లాంటులోనే కడిగి నింపేయొచ్చు, ఊళ్లు దాటించే పని తగ్గుతుంది. నెస్లే డబ్బాకు లేనిది ఇదే. అది ఒక్క బ్రాండ్‌కే పనికొచ్చేది, పైగా ఇంటింటికీ కొరియర్ తిరగాల్సి వచ్చేది.

మనకు ఇది కొత్తేమీ కాదు. ఖాళీ సీసా ఇస్తేనే థమ్సప్ ఇచ్చిన కిరాణా కొట్లు ఇంకా చాలామందికి గుర్తే. రంజాన్‌లో హలీం పార్సెల్ ఇప్పుడు ప్లాస్టిక్ డబ్బాలో వస్తోంది కానీ, పొద్దున్నే నహారీ కోసం స్టీల్ టిఫిన్ పట్టుకుని హోటల్‌కి వెళ్లేవాళ్లు హైదరాబాద్ పాతబస్తీలో ఉన్నారు. తమాషా ఏంటంటే, యూరోపియన్ యూనియన్ కొత్త ప్యాకేజింగ్ చట్టం ఇప్పుడు అడుగుతున్నది అదే: 2027 ఫిబ్రవరి నుంచి పార్సెల్ అమ్మే హోటళ్లు, కస్టమర్ తెచ్చుకున్న గిన్నెలో వడ్డించాలి. సొంత గిన్నె తెచ్చారని ఎక్కువ ధర తీసుకోకూడదు.