మగ్గం మీద ఋషి

తెలుగునేల మీద మనుషుల బొమ్మ ఎలా ఎదిగిందని అడిగితే జవాబు ఒకే వరుసలో వస్తుంది: గోల్కొండ దర్బారు, రవివర్మ నూనెరంగులు, తర్వాత ఫొటో. నిజామాబాద్ వంటి నేతగాళ్ల ఊళ్లో నిలబడి చూస్తే ఈ వరుస అతకదు.

గోల్కొండ సంగతి తెలిసిందే. 17వ శతాబ్దిలో సుల్తాను తానీషా, ఆయన మంత్రి మాదన్నల బొమ్మలున్న ఆల్బములను డచ్చివాళ్లు తమ దేశానికి పట్టుకెళ్లారు. జామా, కత్తి, చేతిలో పువ్వు చూసి హోదా పోల్చుకోవచ్చు. పనిచేసే చేతులు మాత్రం కనిపించవు.

ఆ చేతులు పటాలు గీసే చిత్రకారులైన నకాషీల పనిలో ఉన్నాయి. చేర్యాల నకాషీలు గంజి, సుద్ద, చింతగింజల అంబలి పట్టించిన గుడ్డమీద, ఎర్రటి నేలలో, ఒక్కో కులానికి ఒక్కో కథ గీశారు. నేత కులమైన పద్మశాలీలకు మార్కండేయ పురాణం. దాన్ని కూనపులివాళ్లు పటం విప్పుతూ చెబుతారు. అందులో ఆ కులం మూలపురుషుడు భావనఋషి తామరతూళ్ల నూలుతో బట్ట నేస్తాడు. గౌడులకు గౌడపురాణం, మాదిగలకు డక్కలివాళ్లు చెప్పే జాంబపురాణం. వీటిని భక్తిచిత్రాలని పక్కన పెట్టడం నాకు సరిగా తోచదు. పటం వేయించుకునేది కథకుడే అయినా, అతన్ని పోషించేది ఆ కులమే. తన మగ్గాన్ని ఋషి చేతికిచ్చి చూసుకున్నదీ ఆ కులమే. బొమ్మ కోసం కూర్చున్నవాడు ఒక్కడు కాదు గానీ, ఇదీ రూపచిత్రమే.

అయితే వృత్తిని చూపినంత బాగా ఈ పటం మనిషి గుణాన్ని చూపదు. దేవుళ్లకు నీలం, పసుపు. రాక్షసులకు ముదురు ఛాయ. మేని రంగుతో మంచిచెడులు తేల్చే ఈ లెక్క నాకు ఇప్పటికీ మింగుడుపడదు. పైగా కులం లేని పనికి ఇందులో చోటే లేదు. 1937లో నిజామాబాద్ దగ్గరి బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది, 2015లో మూతపడింది. అన్ని కులాలవాళ్లూ పనిచేసిన ఆ మిల్లుకు కులపురాణం ఎక్కడిది?

సిద్దిపేట చిత్రకారుడు కాపు రాజయ్య (1925–2012) నకాషీ గీతను పటం నుంచి విడదీసి పల్లె మనుషులకు ఇచ్చాడు. ఆ దారి విశాలం కాలేదు. ఇప్పుడు చౌరస్తా ఫ్లెక్సీల్లో అందరిదీ అదే తెల్లచొక్కా, అదే దండం. ఎవరు ఏ పనిచేసి బతుకుతారో తెలియదు. చేర్యాల బొమ్మలేమో చిన్న ఫ్రేముల్లో డ్రాయింగ్ రూములకు చేరాయి. వాటిలో మగ్గం నేసే జంట ఉంటుంది. విప్పడానికి చుట్ట లేదు, చెప్పడానికి కూనపులి లేడు.